పాత హోవర్‌బోర్డు మోటార్లతో వీల్‌చైర్: కరెంటు ఇచ్చే ముందు

• కుర్చీని దిమ్మెల మీద ఎత్తి, చక్రాలు నేలకు తగలకుండా ఉంచండి. తొలి పరీక్షలో ఎవరినీ కూర్చోబెట్టొద్దు.

• 36 వోల్టుల లిథియం బ్యాటరీ ప్యాకు నిండితే 42 వోల్టులు. కంట్రోలర్ (మోటారును నడిపే సర్క్యూట్ బోర్డు) ఆ వోల్టేజీని తట్టుకోవాలి. ఫ్యూజు ప్యాకు ప్లస్ పక్కనే ఉండాలి. సెల్లు ఉబ్బితే ఆ ప్యాకు వదిలేయండి.

• మోటారు చక్రంలోనే ఉంటుంది, దాని ఇరుసుకు పట్టు ఒకవైపే. బిగింపు వదులైతే ఇరుసే తిరిగి తీగలు తెంపుకుంటుంది.

• ఒక్కో మోటారుకు ఫేజ్ తీగలు (కరెంటు ఇచ్చేవి) 3, హాల్ సెన్సర్ తీగలు (చక్రం ఏ స్థానంలో ఉందో చెప్పేవి) 5. రంగుల్ని నమ్మొద్దు, వరుస తప్పితే మోటారు వణుకుతుంది, వేడెక్కుతుంది.

• అసలు ప్రమాదం బ్రేకు. కరెంటు పోతే ఈ చక్రాలు వాలులో స్వేచ్ఛగా దొర్లుతాయి. నిండు బ్యాటరీతో ర్యాంపు దిగుతూ మోటారుతో బ్రేకు వేస్తే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చి వోల్టేజీ పెరిగి, బ్యాటరీ రక్షణ సర్క్యూట్ కరెంటును తెంచేయొచ్చు. ఆ బ్రేకూ పోతుంది. రెండు చక్రాలకూ చేతి బ్రేకు తప్పనిసరి.