కొత్త ఫోన్ పాడైందనుకునే ముందు: సమస్య, కారణం, పరిష్కారం

పండగ ఆఫర్లలో కొత్త ఫోన్లు కొన్నాక మా అపార్ట్‌మెంట్లో నా తలుపు తట్టేవాళ్లు ఎక్కువవుతారు. బెంగళూరులో, ముఖ్యంగా మా మారతహళ్లి వైపు, మనవాళ్ల ఇళ్లకు అనంతపురం నుంచో కడప నుంచో అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. పిల్లలు కొత్త ఫోన్ చేతిలో పెట్టి ఆఫీసుకు వెళ్లిపోతారు. మధ్యాహ్నానికల్లా "ఫోన్ పాడైంది" అంటారు. నేను చూసినంతలో వాటిలో ఎక్కువ భాగం బాగానే ఉన్న ఫోన్లు. లోపల ఉన్న ఏదో సదుపాయం వేలు తగిలి ఆన్ అయి ఉంటుంది, లేదా ఫోన్ తనంతట తాను ఏదో జాగ్రత్త తీసుకుంటూ ఉంటుంది. అదేంటో తెలిస్తే ఇబ్బంది తీరుతుంది, పైగా బాగా పనికొచ్చేది ఒకటి చేతికి వస్తుంది. అందుకే దాన్ని ఎలా ఆపాలో చెప్పడంతో పాటు దేనికి వాడుకోవచ్చో కూడా రాస్తున్నాను. ఇవన్నీ ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతులు. మెనూ పేర్లు కంపెనీని బట్టి కాస్త మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్‌లో ఆ పేరు కొట్టండి.

ఫోన్ తనంతట తానే మాట్లాడుతోంది, నొక్కితే ఏదీ తెరుచుకోవట్లేదు

భయపెట్టే సమస్యల్లో మొదటిది ఇదే. పక్క ఫ్లాట్ పెద్దమ్మ ఇలా చెప్పింది: "వేలు పెడితే చాలు నాయనా, ఇదేందో చదువుతా ఉంది. బిడ్డ ఫోన్ చేస్తే ఎత్తనీదు." తెర మీద ఎక్కడ తాకితే అక్కడ ఒక రంగు గీతల పెట్టె పడుతుంది, లోపలున్నది పైకి చదువుతుంది, అంతే. లాక్ కూడా తీయనివ్వదు.

కారణం టాక్‌బ్యాక్. కంటిచూపు లేనివాళ్లు ఫోన్ వాడుకోవడానికి ఇచ్చిన సదుపాయం. చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కితే ఆన్ అవుతుంది. హ్యాండ్‌బ్యాగ్‌లో ఒత్తిడికి కూడా ఆ పని జరిగిపోతుంది.

మళ్లీ అలాగే రెండు వాల్యూమ్ బటన్లూ మూడు సెకన్లు పట్టుకుంటే ఆగిపోతుంది. ఆగకపోతే కంగారు పడొద్దు, ఇక్కడ తాకే పద్ధతే వేరు. ఒకసారి తాకితే చదువుతుంది. ఆ తర్వాత తెర మీద ఎక్కడైనా గబగబా రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. పైకీ కిందికీ జరపాలంటే రెండు వేళ్లు వాడాలి. లాక్ తీయడానికి కూడా రెండు వేళ్లతో పైకి లాగి, పిన్‌లో ఒక్కో అంకెనూ తాకి, రెండుసార్లు తట్టాలి. ఇలాగే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ దాకా వెళ్లి టాక్‌బ్యాక్ ఆపేయండి. అంతలో ఫోన్ మోగితే, కొత్త ఫోన్లలో రెండు వేళ్లతో రెండుసార్లు తడితే కాల్ ఎత్తుతుంది.

దీన్ని తిట్టుకోకండి. చూపు లేనివాళ్లు ఎంతోమంది దీంతోనే ఉద్యోగాలు చేస్తున్నారు. కాటరాక్ట్ ఆపరేషన్ అయినవాళ్లకూ, చిన్న అక్షరాలు కనబడని పెద్దవాళ్లకూ ఇంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. అదే యాక్సెసిబిలిటీలో సెలెక్ట్ టు స్పీక్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే, కావాలనుకున్నప్పుడు, కావాలనుకున్న మెసేజ్ మాత్రమే చదివి వినిపిస్తుంది. తెలుగు గొంతు కూడా ఉంది. పెద్దమ్మకు అదే పెట్టి ఇచ్చాను. ఇప్పుడు మనవరాలి మెసేజ్‌లు ఆమే వింటోంది, ఎవర్నీ చదివిపెట్టమని అడగట్లేదు.

ఉన్నట్టుండి సైరన్ మోగి, అంకెలు లెక్కపెడుతోంది

పవర్ బటన్ వెంటవెంటనే నొక్కితే ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్, అంటే ఆపదలో సాయం పిలిచే ఏర్పాటు, మొదలవుతుంది. కొన్ని ఫోన్లలో ఐదుసార్లు, మన దేశంలో అమ్మే కొన్నిటిలో మూడుసార్లు. ఇది కంపెనీలు సరదాకు పెట్టింది కాదు. ప్యానిక్ బటన్ లేని ఫోన్ అమ్మకూడదని 2016లో కేంద్రం నిబంధన చేసింది.

లెక్క అయ్యేలోపు క్యాన్సిల్ నొక్కండి. పొరపాటున అత్యవసర సాయం నంబర్ 112కి కాల్ వెళ్లిపోతే టక్కున కట్ చేయొద్దు, పొరపాటున తగిలిందని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. మాటిమాటికీ అవుతుంటే సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీకి వెళ్లి, తనంతట తానే కాల్ చేసే బదులు వేలు పట్టుకుని ఉంటేనే చేసేలా మార్చండి. పూర్తిగా మాత్రం ఆపొద్దు. రాత్రి షిఫ్ట్ అయ్యాక క్యాబ్‌లో ఒంటరిగా వచ్చే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఇది ఆన్‌లో ఉండాల్సిందే. అక్కడే ఎమర్జెన్సీ కాంటాక్ట్‌లు, బ్లడ్ గ్రూప్, వాడే మందులు రాసి పెట్టండి. ఫోన్ లాక్‌లో ఉన్నా అవతలివాళ్లు చూడగలిగేలా పెట్టుకోవచ్చు.

తెర సగం కిందికి జారింది / రంగులన్నీ పోయాయి

ఈ రెండూ చిన్నవి. తెర కిందికి దిగితే అది వన్ హ్యాండెడ్ మోడ్. పెద్ద ఫోన్‌ను ఒక చేత్తో వాడేటప్పుడు పై వరుస బొటనవేలికి అందడానికి. పైన ఖాళీగా ఉన్న చోట తాకితే సరి. రాత్రయ్యేసరికి తెర నలుపు తెలుపు అయితే అది బెడ్‌టైమ్ మోడ్‌లోని గ్రేస్కేల్. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌కు వెళ్లి ఆపొచ్చు. పడుకునే ముందు వీడియోలు వదలని పిల్లల ఫోన్లో ఆపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎంతసేపు పెట్టినా ఛార్జింగ్ 80 దాటట్లేదు

దీనికోసం కొత్త ఛార్జర్ కొన్నవాళ్లను చూశాను. డబ్బు దండగ. లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి, అందులోనూ వేడిగా, గంటల తరబడి ఉంటే త్వరగా ముసలిదవుతుంది. అందుకని బ్యాటరీ ప్రొటెక్షన్ పేరుతోనో ఛార్జింగ్ లిమిట్ పేరుతోనో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటుంది. కొన్ని ఫోన్లు లెక్క సరిచూసుకోవడానికి అప్పుడప్పుడూ 100 దాకా వెళ్తాయి, అదీ మామూలే. రాత్రంతా మెల్లగా ఎక్కి పొద్దున అలారం వేళకు నిండేది ఇంకొకటి, దాన్ని అడాప్టివ్ ఛార్జింగ్ అంటారు.

రోజూ ఇల్లూ ఆఫీసూ అయితే ఇది ఉండనివ్వండి. సాయంత్రం మెజెస్టిక్‌లో బస్సెక్కి ఊరెళ్లే రోజున సెట్టింగ్స్‌లో బ్యాటరీకి వెళ్లి ఆ పూటకు తీసేయండి.

గేటు దగ్గర మనిషి నిలబడ్డాడు, ఫోన్లో మాత్రం ఏమీ రాలేదు

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇది రోజువారీ గొడవ. కూరగాయలు తెచ్చిన అబ్బాయి గేటు దగ్గర ఆగుతాడు, లోపలికి పంపాలా అని సెక్యూరిటీ అతను గేటు యాప్‌లో మన పర్మిషన్ అడుగుతాడు, మన ఫోన్ నిశ్శబ్దంగా ఉంటుంది. పావుగంట తర్వాత యాప్ తెరిస్తే అన్నీ ఒక్కసారి మీద పడతాయి. మనం సెక్యూరిటీ అతన్ని కోప్పడతాం, అతను పాపం మూడుసార్లు పంపి ఉంటాడు.

యాప్ తెరిస్తే గానీ కబుర్లు రాకపోవడమే ఇక్కడ అసలు ఆనవాలు. బ్యాటరీ మిగల్చడానికి ఫోన్ తక్కువగా వాడే యాప్‌లను నిద్రపుచ్చుతుంది. గేటు యాప్‌ను మనం రోజుకోసారి కూడా తెరవం కాబట్టి అది ముందుగా ఆ జాబితాలోకి వెళ్లిపోతుంది. ఆ యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫో తెరవండి, అందులో బ్యాటరీకి వెళ్లి అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. శాంసంగ్‌లో అయితే స్లీపింగ్ యాప్స్, డీప్ స్లీపింగ్ యాప్స్ జాబితాల్లో అది ఉందేమో చూసి తీసేసి, నెవర్ ఆటో స్లీపింగ్‌లో చేర్చండి. షావోమీలో ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేయాలి. అదే యాప్ ఇన్ఫోలో, కొన్ని నెలలు వాడకపోతే పర్మిషన్లు వెనక్కి తీసుకునే ఇంకో స్విచ్ ఉంటుంది. గేటు యాప్‌కు, స్కూల్ బస్సు యాప్‌కు, మందులు గుర్తుచేసే యాప్‌కు దాన్ని ఆపండి. మిగతావాటికి వద్దు. అన్నిటికీ అన్‌రిస్ట్రిక్టెడ్ పెడితే సాయంత్రానికి బ్యాటరీ ఉండదు.

హోమ్ దగ్గర కాస్త ఎక్కువసేపు నొక్కితే తెర గడ్డకట్టినట్టు ఆగుతోంది

తెర మీద ఒక మెరుపు పాకి, కింద గూగుల్ సెర్చ్ పెట్టె వస్తే అది సర్కిల్ టు సెర్చ్. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో మొదలై తర్వాత చాలా ఫోన్లకు వచ్చింది. బ్యాక్ కొడితే పోతుంది. కానీ పోనిచ్చే ముందు ఒకసారి వాడి చూడండి.

కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గర కాబట్టి బస్సు బోర్డులు, షాపు పేర్లు మనవాళ్లు కూడబలుక్కుని చదివేస్తారు. గ్రూపులో ఎవరో కరెంటు కోత గురించి కన్నడ నోటీసు ఫోటో పెడితే అక్కడ ఆగిపోతారు. ఆ ఫోటో తెరిచి, హోమ్ దగ్గర నొక్కి పట్టుకుని, కింద వచ్చే ట్రాన్స్‌లేట్ గుర్తు తాకి, తెలుగు ఎంచుకోండి. నోటీసు ఉన్నచోటే తెలుగులో కనబడుతుంది. తేదీలు, వేళలు మాత్రం అసలు ఫోటోలో ఇంకోసారి సరిచూసుకోండి, అనువాదం అక్కడక్కడా తడబడుతుంది. ఈ సదుపాయం లేని ఫోన్లో గూగుల్ లెన్స్ అదే పని చేస్తుంది.

ఇంట్లోకి వస్తే సిగ్నల్ పోతోంది, కాల్స్ తెగుతున్నాయి

ఫోన్ మార్చినా, సిమ్ మార్చినా తీరని సమస్య ఇది. కాంక్రీటు గోడలు, లిఫ్ట్ పక్క గదులు, చుట్టూ పెద్ద బ్లాకులు సిగ్నల్‌ను తినేస్తాయి. ఇంట్లో వైఫై ఉంటే దారి ఉంది, దాని పేరు వైఫై కాలింగ్. కాల్ టవర్ బదులు ఇంటి ఇంటర్నెట్ మీదుగా వెళ్తుంది. నంబర్ అదే, అదనపు ఛార్జీ లేదు, అవతలివాళ్ల ఫోన్లో ఏమీ ఉండక్కర్లేదు. మన దగ్గర ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి. అయినా ఇప్పటికీ బాల్కనీలోకి పరిగెత్తి అరుస్తూ మాట్లాడేవాళ్లు మా బ్లాకులో ఉన్నారు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ లేదా కనెక్షన్స్, సిమ్, వైఫై కాలింగ్. రెండు సిమ్‌లు ఉంటే విడివిడిగా ఆన్ చేయాలి. వోల్టీ (4జీ మీద కాల్స్ వెళ్లే ఏర్పాటు) కూడా ఆన్‌లో ఉంచండి, అప్పుడే మాట్లాడుతూ గేటు దాటినా కాల్ తెగకుండా టవర్ మీదికి మారుతుంది.

చదవకుండానే నోటిఫికేషన్ తోసేశాను

నోటిఫికేషన్ హిస్టరీ చూడండి, సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ కింద ఉంటుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి ఉంది. 24 గంటల లోపు వచ్చినవన్నీ కనబడతాయి. నీళ్ల ట్యాంకర్ ఎన్నింటికి వస్తుందో చెప్పిన మెసేజ్ ఏ గ్రూపులో వచ్చిందో తెలియనప్పుడు ఇక్కడ దొరుకుతుంది. అయితే దీన్ని ముందే ఆన్ చేసి ఉండాలి, ఆన్ చేయకముందు పోయినవి రావు. ఈ రోజే చేసేయండి.

ఇవేవీ కాకపోతే

ఫోన్ వేడెక్కడం, ప్రకటనలు వాటంతట అవే రావడం, మాటిమాటికీ ఆగిపోవడం ఉంటే సేఫ్ మోడ్‌లో చూడండి. చాలా ఫోన్లలో పవర్ మెనూ తెచ్చి, పవర్ ఆఫ్ మీద వేలు అలాగే పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. మనం వేసుకున్న యాప్‌లు అందులో పని చేయవు. అక్కడ సమస్య లేకపోతే తప్పు ఈమధ్య వేసిన ఏదో యాప్‌ది. ఒక్కొక్కటీ తీస్తూ రండి. అక్కడా ఉంటే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. వెనక మూత ఉబ్బితే మాత్రం ఏ పరీక్షలూ వద్దు. ఆఫ్ చేసి, ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా తీసుకెళ్లండి.

సర్వీస్ సెంటర్‌లో అయినా, బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో తెలిసిన షాపులో అయినా, ఫోన్ పని చేస్తున్న స్థితిలో ఇస్తుంటే ముందు బ్యాకప్ తీసుకుని ఇంకో పని చేయండి. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, గూగుల్ పిక్సెల్‌లో రిపేర్ మోడ్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే మెకానిక్‌కు ఖాళీ ఫోన్ కనబడుతుంది, పరీక్షలన్నీ చేసుకోగలడు. మీ ఫోటోలు, మెసేజ్‌లు, ఖాతాలు అతనికి తెరుచుకోవు. ఫోన్ తిరిగొచ్చాక మీ లాక్‌తో మీరే దాంట్లోంచి బయటికి రావాలి. లాక్ నంబర్ చీటీ మీద రాసిమ్మని అడిగితే ఈ మోడ్ పెట్టామని చెప్పండి, సిమ్ తీసి దగ్గర పెట్టుకోండి.