ఓపెన్ సోర్స్‌కు కోడ్ రాద్దాం – 4వ పాఠం: కమిట్ నుంచి పుల్ రిక్వెస్ట్ దాకా

పోయిన పాఠంలో ఒక ప్రాజెక్టును ఫోర్క్ చేసి (మన ఖాతాలోకి కాపీ తెచ్చుకుని), క్లోన్ చేసుకుని (దాన్ని మన కంప్యూటర్‌లోకి దించుకుని), చిన్న బగ్ ఒకటి సరిచేశాం. సెట్టింగ్స్ ఫైల్ ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ క్రాష్ అయ్యేది, ఇప్పుడు అవ్వట్లేదు. టెస్టులూ పాసయ్యాయి. చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకుని గబగబా పంపేస్తారు. కానీ మన కోడ్‌ను మెయింటైనర్, అంటే ఆ ప్రాజెక్టును చూసుకునే వ్యక్తి, చదివి ఒప్పుకోవాలి కదా! చాలా ప్రాజెక్టుల్లో వాళ్లు ఉద్యోగం చూసుకుంటూ, మిగిలిన టైంలో ఈ పని చేస్తుంటారు. వాళ్ల చదువు తేలికయ్యేలా మార్పును సర్దడమే ఈ పాఠం.

కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే టూలే గిట్. ముందు టెర్మినల్‌లో గిట్ స్టేటస్ కొట్టి ఏ బ్రాంచ్‌లో, అంటే కోడ్ ఏ శాఖలో, ఉన్నారో చూసుకోండి. మెయిన్‌లోనే ఉంటే గిట్ స్విచ్ మైనస్ సి అని కొట్టి, పక్కన కొత్త బ్రాంచ్ పేరు ఇవ్వండి. కమిట్ చేయని, అంటే గిట్ చరిత్రలో ఇంకా నమోదు చేయని, మార్పులు ఎక్కడికీ పోవు, మీతోపాటే వస్తాయి.

ఇప్పుడు గిట్ డిఫ్ చూడండి, ఏ లైన్లు మారాయో చూపిస్తుంది. మనం మార్చింది మూడు లైన్లే. అయినా ఫైలంతా ఎరుపు, పచ్చ రంగులతో నిండిపోయిందా? అది మీ ఎడిటర్ నిర్వాకం. సేవ్ చేసినప్పుడల్లా ట్యాబ్‌లను స్పేస్‌లుగా మార్చి, లైన్ల చివర ఖాళీలు చెరిపేసి ఉంటుంది. అలాగే పంపితే అసలు మార్పు ఎక్కడుందో వెతుక్కోవడానికే మెయింటైనర్‌కు ఓపిక అయిపోతుంది.

దీనికి మందు గిట్ యాడ్ మైనస్ పి. ఇది మార్పులను ముక్కలుగా చూపించి, ఒక్కోదాని గురించి అడుగుతుంది. వై కొడితే ఆ ముక్క కమిట్‌కు సిద్ధమవుతుంది, ఎన్ కొడితే పక్కన ఉండిపోతుంది. ముక్క పెద్దగా ఉంటే ఎస్ కొట్టండి, వీలైతే ఇంకా చిన్నవిగా విడగొడుతుంది. కాస్త విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటా. కానీ మరిచిపోయిన డీబగ్ ప్రింట్లు దొరికేది ఇక్కడే.

తర్వాత కమిట్ సందేశం. మైనస్ ఎమ్ వాడకుండా ఉత్త గిట్ కమిట్ అనండి, ఎడిటర్ తెరుచుకుంటుంది. మొదటి లైను సుమారు 50 అక్షరాల లోపు ఉండాలి, దాని కింద ఒక ఖాళీ లైను, ఆపైన వివరం, ఒక్కో లైను 72 అక్షరాలకు మించకుండా. ఇది గిట్ పెట్టిన నిబంధన కాదు, వాడుకలో స్థిరపడిన అలవాటు. సాధారణంగా సందేశం ఇంగ్లీషులోనే రాస్తాం. మన బగ్‌కు అది ఏం చెప్పాలంటే (పార్సర్ అంటే ఫైల్‌ను చదివి అర్థం చేసుకునే కోడ్, నల్ అంటే విలువేమీ లేకపోవడం):

ఖాళీ సెట్టింగ్స్ ఫైల్‌తో క్రాష్ కాకుండా చూడు

ఫైల్ ఖాళీగా ఉంటే పార్సర్ నల్ ఇస్తోంది. పిలిచిన ఫంక్షన్ దాన్ని చూసుకోకుండా వాడేస్తోంది. అందుకే అలాంటప్పుడు డిఫాల్ట్ విలువలు తీసుకునేలా మార్చాం. పార్సర్‌నే మార్చొచ్చు కానీ, ఆ నల్ మీద ఆధారపడిన కోడ్ వేరే చోట ఉంది.

ఆ చివరి వాక్యం చూశారా? ఏం మారిందో డిఫ్‌లోనే కనిపిస్తుంది. రెండో దారి ఎందుకు వద్దనుకున్నామో మాత్రం మనం రాస్తేనే తెలుస్తుంది. ఎప్పుడో ఎవరో గిట్ బ్లేమ్ (ఏ లైను ఏ కమిట్‌లో వచ్చిందో చూపే కమాండ్) కొట్టి ఈ లైను దగ్గరికొస్తే, వాళ్లకు దొరికే వివరణ ఇదొక్కటే. ఉత్త "ఫిక్స్" అని రాసిన కమిట్‌లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పంపే ముందు ప్రాజెక్టులో మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైల్ చదవండి. అన్ని చోట్లా పద్ధతి ఒకటి కాదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను తయారుచేసిందే లినక్స్ కెర్నల్ కోసం, కానీ ఆ కెర్నల్‌కు ప్యాచ్‌లు ఈమెయిల్‌లో పంపాలి. ఈ కోడ్ పంపే హక్కు నాకుందని చెప్పే సైన్డ్ ఆఫ్ బై లైను కూడా అక్కడ తప్పనిసరి. గిట్ కమిట్‌కు మైనస్ ఎస్ తగిలిస్తే ఆ లైను దానంతటదే వస్తుంది.

గిట్‌హబ్‌లోని ప్రాజెక్టయితే బ్రాంచ్‌ను మీ ఫోర్క్‌కు పుష్ చేసి (పైకి పంపి) పుల్ రిక్వెస్ట్, అంటే మీ మార్పును ప్రాజెక్టులో కలుపుకోమనే అభ్యర్థన, తెరవండి. వివరణలో ఫిక్సెస్ అని ఇష్యూ (ఆ బగ్ గురించి ప్రాజెక్టులో నమోదైన ఫిర్యాదు) నంబరు ఇస్తే, మార్పు మెయిన్‌లో మెర్జ్ అవగానే ఆ ఇష్యూ మూసుకుంటుంది.

రివ్యూలో మార్పులు అడిగితే టెన్షన్ పడకండి, అనుభవం ఉన్నవాళ్లనూ అడుగుతారు. కొత్త పుల్ రిక్వెస్ట్ తెరవకుండా అదే బ్రాంచ్‌లో సరిచేసి పుష్ చేయండి. రీబేస్ చేశారంటే, అంటే మీ కమిట్‌లను తాజా కోడ్ మీద మళ్లీ పేర్చారంటే, మామూలు పుష్ ఒప్పుకోదు. అప్పుడు ఉత్త ఫోర్స్ కాకుండా ఫోర్స్ విత్ లీజ్ వాడండి. ఆ బ్రాంచ్‌లోకి ఈలోగా వేరేవాళ్ల కమిట్ ఏదైనా వచ్చి ఉంటే, దాన్ని తుడిచేయకుండా ఆగిపోతుంది.

అభ్యాసం: ఒకే ఫైల్‌లో దూరదూరంగా, సంబంధం లేని రెండు మార్పులు చేయండి. గిట్ యాడ్ మైనస్ పి వాడి వాటిని రెండు కమిట్‌లుగా విడదీయండి. వచ్చే పాఠంలో రీబేస్ మధ్యలో వచ్చే కాన్‌ఫ్లిక్ట్‌లను విప్పడం చూద్దాం.