రాత్రివేళ మెలటోనిన్ నమూనాలు తీసే ముందు ఎలుకల గదిలో తీసుకోవలసిన జాగ్రత్తలు

రాత్రిపూట మెలటోనిన్ అనే హార్మోన్‌ను తయారుచేసే, మెదడులోని పీనియల్ గ్రంథి మీద కొత్తగా పని మొదలుపెట్టే పరిశోధక విద్యార్థులు కిట్ల ఖరీదు గురించి, కొలతల గురించి ఎంతో ఆలోచిస్తారు గాని చీకటి గురించి అంతగా ఆలోచించరు. నిజానికి ఈ ప్రయోగాలు ఎక్కువగా చెడిపోయేది అక్కడే. అర్ధరాత్రి ఎవరో తలుపు తెరిచినప్పుడు పడిన వరండా వెలుతురు ఆ రాత్రి ఫలితాన్నంతా పాడుచేయగలదు. ఆ తరువాత ఎంత శ్రద్ధగా కొలిచినా చేతికి వచ్చేది తప్పు అంకే. పైగా ఆ అంకె కోసం కొన్ని ప్రాణులు అన్యాయంగా చనిపోయి ఉంటాయి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండో సంగతే.

ఎందుకింత జాగ్రత్త అవసరమో తెలియాలంటే వెలుతురు ప్రయాణించే దారి తెలియాలి. కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే, వెలుతురుకు స్పందించే పదార్థం ఉన్న కొన్ని కణాలు వెలుతురును పసిగట్టి, మెదడులో శరీరపు గడియారంగా పనిచేసే సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం అనే నాడీకణాల గుంపుకు కబురు చేరుస్తాయి. ఆ కేంద్రకం నుంచి వచ్చే సంకేతం మరో నాడీకణాల గుంపైన పారావెంట్రిక్యులర్ కేంద్రకం మీదుగా వెన్నుపాములోకి దిగి, మెడలోని నాడీకణాల ముడి అయిన సుపీరియర్ సర్వైకల్ గాంగ్లియాన్‌ను చేరి, అక్కడి నుంచి తిరిగి పైకి పీనియల్‌కు వెళుతుంది. రాత్రి ఆ నాడుల కొనలు కబురు మోసే రసాయనమైన నార్అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో పీనియల్ కణాల్లో సంకేతాన్ని లోపలికి చేరవేసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరిగి, సెరోటోనిన్‌ను మెలటోనిన్ దిశగా మళ్లించే ఏఏఎన్ఏటీ అనే ఎంజైమ్ తయారవుతుంది. ఎలుకల్లో ఈ ఎంజైమ్ చురుకుదనం పగటికన్నా రాత్రి వంద రెట్లకు పైగా పెరుగుతుంది. ఎలుకలు రాత్రించరాలైనా మెలటోనిన్ పెరిగేది మనలో లాగే రాత్రిపూటే.

ఎలుకల్లో ఈ పెరుగుదల నిదానంగా జరుగుతుంది. ముందు జన్యువు నుంచి ఆర్ఎన్ఏ, దాని నుంచి ప్రోటీన్ తయారు కావాలి కాబట్టి దీపాలు ఆరిన తరువాత కొన్ని గంటలు పడుతుంది. తరుగుదల మాత్రం క్షణాల మీద మొదలవుతుంది. రాత్రి వెలుతురు పడితే ఏఏఎన్ఏటీ చురుకుదనం సుమారు 3 నిమిషాలకే సగానికి పడిపోతుందని డేవిడ్ క్లైన్, జోన్ వెల్లర్ అనే పరిశోధకులు 1972లోనే చూపించారు. వెలుతురు పడగానే సైక్లిక్ ఏఎంపీ తగ్గి, ఉన్న ఎంజైమ్‌ను కణమే విరగ్గొట్టేస్తుంది. దీపం వెంటనే ఆర్పేశాం కదా అని ఆ జంతువు నమూనాను మిగతావాటితో కలపకూడదు.

జంతువులను తెప్పించే ముందే వాటి జాతిని సరిచూసుకోవాలి. జన్యుమార్పిడి పనులకు ప్రయోగశాలలన్నిటా వాడే సీ57బీఎల్/6 అనే జాతి చిట్టెలుకల్లో (మౌస్) మెలటోనిన్ తయారీకి కావలసిన ఎంజైముల్లో లోపం ఉంది. వాటి పీనియల్‌లో రాత్రంతా వెతికినా చెప్పుకోదగిన మెలటోనిన్ దొరకదు. సీ3హెచ్, సీబీఏ జాతులు మెలటోనిన్‌ను బాగానే తయారుచేస్తాయి. సీ3హెచ్‌లో రెటీనా క్షీణించే జన్యులోపం ఉన్నా మెలనాప్సిన్ కణాలు నిలిచే ఉంటాయి కనుక వాటికి వెలుతురు తెలియదనుకోవడం పొరపాటు. పెద్ద ఎలుకలతో (ర్యాట్) గాని సిరియన్ హ్యామ్‌స్టర్లతో గాని పనిచేసేవారికి ఈ జాతుల ఇబ్బంది అంతగా ఉండదు.

గది చీకటిగా ఉందని నమ్మడం కాదు, కొలవాలి. దీపాలు ఆరిన తరువాత లోపల కూర్చుని, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కనీసం పావుగంట ఆగి చుట్టూ చూడండి. తలుపు కింది సందు, ఏసీ మీద వెలిగే అంకెలు, టైమర్ మీది చిన్న ఎర్ర చుక్క, పక్క గది నుంచి అద్దంలోంచి పడే వెలుతురు, ఇవన్నీ అప్పుడు బయటపడతాయి. వాటికి నల్లటి టేపు అంటించి, ఆ తరువాత జంతువు కంటి ఎత్తులో, కేజ్ లోపల వెలుతురును కొలిచే లక్స్ మీటర్ పెట్టి చూడాలి. రాత్రంతా గదిలోకి చొరబడే 0.2 లక్స్ పాటి వెలుతురు కూడా ఎలుకల మెలటోనిన్‌ను అణచగలదు. సాధారణ మీటర్లు అంత తక్కువ వెలుతురును సరిగా చూపించవు గనుక అందుకు తగిన మీటర్‌నే వాడాలి.

ఎర్ర దీపం విషయంలో చాలామందికి లేనిపోని ధైర్యం ఉంటుంది. ఎర్ర రంగు ఎలుకల కళ్లకు తక్కువగా తెలుస్తుందే గాని అసలు తెలియకపోవడం లేదు. అవసరమైనంత మసకగా, అవసరమైనంత సేపే, జంతువు ముఖం మీద నేరుగా పడకుండా వాడాలి. వీలైతే ఇన్‌ఫ్రారెడ్ నైట్ విజన్ కళ్లద్దాలు మేలు. సెల్‌ఫోన్‌ను బయటే వదిలి రావాలి.

మన ప్రాంతాల్లో ప్రత్యేకంగా చూసుకోవలసినది కరెంటు. కరెంటు పోయినప్పుడు తిరిగే చక్రం ఉన్న పాత టైమర్లు ఆగిపోయి, వచ్చాక అక్కడి నుంచే మొదలవుతాయి. గంట సేపు కరెంటు లేకపోతే జంతువుల పగలు గంట ఆలస్యంగా మొదలవుతుంది. ఇంకా ప్రమాదకరమైనవి కరెంటు పోగానే వాటంతటవే వెలిగే ఎమర్జెన్సీ దీపాలు. జంతువుల గదిలో వాటిని ఉంచకూడదు. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్‌ను పెట్టుకుని, రోజూ దీపాలు వెలిగిన సమయాన్ని ఆరిన సమయాన్ని రాసుకోవాలి. కొత్తగా వచ్చిన జంతువులను పన్నెండేసి గంటల వెలుతురు, చీకటి క్రమంలో కనీసం రెండు వారాలు ఉంచనిదే నమూనాలు తీయవద్దు.

నమూనాల రాత్రి కత్తెరలు, గొట్టాలు, లేబుళ్లు అన్నీ దీపాలు ఆరకముందే వరుసగా సర్ది పెట్టుకోవాలి. మసక వెలుతురులో పదునైన పనిముట్లతో చేతులు తెగే ప్రమాదం ఉంది గనుక ఒక్కరే పనిచేయకూడదు. మూసిన గదిలో, నమూనాలను గడ్డకట్టించడానికి వాడే ద్రవ నైట్రోజన్ ఆవిరై ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది గనుక గాలి వచ్చే ఏర్పాటు తప్పనిసరి. రాత్రి చేసే పద్ధతి కూడా సంస్థ జంతు నైతిక సంఘం ఆమోదించిన పత్రంలో స్పష్టంగా ఉండాలి.

ప్రాణం పోయేదాకా కంటి మీద వెలుతురు పడకూడదు; ఎదిగిన క్షీరదాల పీనియల్ నేరుగా వెలుతురును గుర్తించలేదు, కంటి ద్వారానే దానికి కబురు అందుతుంది. ఎలుక పీనియల్ బరువు సుమారు 1 మిల్లీగ్రామే. కపాలపు పైఎముకను లేపినప్పుడు అది తరచుగా దాని లోపలి పొరకే అతుక్కుని వచ్చేస్తుంది. మెదడు మీద కనిపించలేదని కంగారుపడకుండా ముందు ఎముకను తిరగేసి చూసి, దొరికిన వెంటనే గడ్డకట్టించాలి.

మందు ఇవ్వని నియంత్రణ గుంపును మొదట, మందు ఇచ్చిన గుంపును చివర తీయవద్దు. చివరి జంతువులు ఎర్ర దీపం కింద ఎక్కువసేపు ఉంటాయి గనుక తేడా మందు వల్ల వచ్చిందో దీపం వల్ల వచ్చిందో తేలదు. రెండు గుంపులనూ కలిపి, చీటీలు తీసి వరుస నిర్ణయించాలి. నార్అడ్రినలిన్ పనిని అడ్డుకునే ప్రొప్రనొలోల్ వంటి బీటా నిరోధకాలు రాత్రి మెలటోనిన్ పెరుగుదలనే అడ్డుకుంటాయి. వేరే పనికి వాడిన జంతువులను ఈ ప్రయోగంలోకి తెచ్చే ముందు వాటికి ఏ మందులు ఇచ్చారో చూడాలి.

ఇంత చేసినా పొరపాటున దీపం వెలిగితే సమయాన్ని, ఎంతసేపు వెలిగిందో వెంటనే రాసి, ఆ గదిలోని జంతువులన్నిటినీ ఆ రాత్రి పనిలోంచి తప్పించాలి. రాత్రి పడిన వెలుతురు గడియారాన్నే జరపగలదు. రాత్రి తొలి భాగంలో పడితే వెనక్కి, చివరి భాగంలో పడితే ముందుకు జరుపుతుంది కాబట్టి మర్నాడు రాత్రి నమూనాలు కూడా నమ్మదగినవి కావు. వాటిని మామూలు క్రమంలో మళ్లీ రెండు వారాలు ఉంచి, అప్పుడే తిరిగి మొదలుపెట్టాలి.