డ్రాయరు, డ్రాఫ్టు, లక్కీ డ్రా: ఇంగ్లీష్ మాటల అర్థాలు ఎలా పట్టుకోవాలి

మా మావయ్య వైజాగ్ పోర్టులో పనిచేసేవాడు, నా చిన్నప్పుడు ఓసారి "షిప్పుకి బర్త్ దొరకలేదురా, రెండ్రోజుల్నుంచి రోడ్స్‌లోనే ఉంది" అన్నాడు. నేనేమో అది కాన్వెంట్ జంక్షన్‌లో లారీల మధ్య నిలబడిపోయిందనుకుని చూపించమని ఒకటే గోల. హార్బర్ బయట ఓడలు లంగరేసుకుని వెయిట్ చేసే చోటుని రోడ్స్ అంటారని చాలా ఏళ్ళకి తెలిసింది. రోడ్, రైడ్ ఒకే కుటుంబం, రోడ్ అంటే మొదట్లో గుర్రమెక్కి వెళ్ళడం, దారి అనే అర్థం తర్వాతెప్పుడో వచ్చింది, లంగరు మీద ఓడ ఊగుతుంటే దాన్ని కూడా రైడ్ అనే అంటారు.

అందుకే డిక్షనరీలో పది అర్థాలుంటే పదీ బట్టీ కొట్టొద్దు, ఆ మాట అసలు చేసే పనేటో ముందు చూడండి.

డ్రా ఉంది కదా, దాని పని లాగడం, అంతే. పెన్సిల్‌ని కాగితం మీద లాగితే బొమ్మ, ఏటీఎం నుంచి లాగితే డబ్బులు, డబ్బాలోంచి చీటీ లాగితే లక్కీ డ్రా. టేబుల్‌కి ఉండే డ్రాయరు లాగితే వస్తాది, మనం వేసుకునే డ్రాయరు కూడా, నవ్వకండి, పైకి లాక్కునేదే. డ్రాఫ్ట్ దీని తోబుట్టువు. బ్యాంకు డీడీలో రెండో డీ అదే. ఓడకి డ్రాఫ్ట్ అంటే అది నీళ్ళలోకి ఎంత లోతు దిగిందో ఆ కొలత, ఇంగ్లీష్ వాళ్ళ లెక్కలో ఓడ అంత నీటిని లాగుతుందన్నమాట, సరుకు ఎక్కువైతే డ్రాఫ్ట్ పెరుగుతుంది, ఛానెల్లో, అంటే హార్బర్‌లోకొచ్చే నీటిదారిలో, లోతు చాలకపోతే ఓడ లోపలికి రాలేదు.

కొన్ని పోలిక వల్ల వస్తాయి. వైజాగ్‌లో సింధియా వైపు బస్సులో వెళ్తూ క్రేన్లని చూడండి, మెడ చాచిన కొంగలా లేవూ? క్రేన్ అంటే ముందు ఆ పక్షే, మెషిన్‌కి పేరు దాన్నుంచే వచ్చింది. పైలట్ కూడా అంతే, విమానాలు పుట్టకముందే ఓడని నడిపేవాడు పైలట్, ఇప్పటికీ మన హార్బర్‌లోకి ఓడని తెచ్చేది పైలటే.

ఇక్కడ ఒక తిరకాసుంది. మన పాలు చూడండి, తాగే పాలు వేరు, ఆస్తిలో నా పాలు వేరు, రెంటికీ చుట్టరికం లేదు. ఇంగ్లీష్‌లోనూ ఇలాంటివున్నాయి. ఓడలు ఆగే డాక్ వేరు, కోర్టులో ముద్దాయి నిలబడే డాక్ వేరు, ఆ రెండోది ఫ్లెమిష్ భాషలో బోను అనే మాట నుంచి వచ్చింది, మనం కూడా కోర్టు బోను అనే అంటాం, భలే కలిసింది కదా. ఇది కనిపెట్టడానికి మంచి డిక్షనరీలో మాట పక్కన పైకి చిన్నగా 1, 2 అని ఉందేమో చూడండి, ఉంటే అవి వేర్వేరు మాటలు. ఒకే మాట కింద వరసగా నంబర్లుంటే అవి చుట్టాలు. ఎక్కువమంది ఈ తేడా చూడకుండా అన్నీ కలిపేసి బుర్ర పాడుచేసుకుంటారు.

నోట్‌బుక్‌లో పేజీకి ఒక్క మాటే రాయండి, మధ్యలో అసలు పని, చుట్టూ మీరు విన్న వాక్యాలు. అర్థాలు కాదు, వాక్యాలు. సెట్, రన్ మాత్రం మొదట్లో ముట్టుకోకండి, వాటికి పేజీ కాదు కదా నోట్‌బుక్ కూడా చాలదు.