కాలేజీ ఆటల గురించి రాయడం, 3వ పాఠం: మ్యాచ్ ఎక్కడ తిరిగింది?

పోయిన పాఠంలో మీ కాలేజీ కబడ్డీ మ్యాచ్ ఒకటి చూసి పది వాక్యాలు రాయమన్నాను కదా. అన్నీ చదివాను. సగానికి పైగా వాటిలో మన కుర్రాళ్లు సింహాలు, ఇద్దరు ముగ్గురి దగ్గర పులులు, ఒకరి దగ్గరైతే ఏకంగా సునామీ. ఇంతా చదివాక కూడా స్కోరు తప్ప మ్యాచ్‌లో ఏం జరిగిందో నాకు అంతుపట్టలేదు, ఆ స్కోరేమో ఆట అయిన ఐదు నిమిషాలకే హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పడిపోతుంది, దానికోసం మీ రాత ఎవరూ చదవక్కర్లేదు.

2022లో ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ మన బెంగళూరులోనే జరిగాయి. ఆతిథ్యమిచ్చిన జైన్ యూనివర్సిటీ 20 స్వర్ణాలతో మొదటి స్థానంలో నిలిచింది. ఈ ముక్క ఎవరు వెతికినా దొరుకుతుంది. దొరకనిది, గ్యాలరీలో కూర్చున్నవాడి కంటికి మాత్రమే కనబడింది. ప్రో కబడ్డీలో మన తెలుగు టైటన్స్ ఓడిపోతే ఆ చివరి రైడ్‌ను, అంటే కూతను, టీవీలో పదిసార్లు తిప్పి చూపిస్తారు (రూమ్‌లో బెంగళూరు బుల్స్ అభిమానులుంటే పదకొండోసారి వాళ్లే చూపిస్తారు), మీ కాలేజీ మ్యాచ్‌కు ఆ సదుపాయం ఉండదు. మీరు చూసి రాసుకోకపోతే ఆ రైడ్ ఇక లేనట్టే.

అందుకని ఇవాళ ఒక్క పని నేర్చుకుందాం, మ్యాచ్ తిరిగిన చోటు పట్టుకోవడం.

మ్యాచ్ 40 నిమిషాలు, ఒక్కో కూతకు 30 సెకన్లకు మించి టైమ్ ఉండదు, అంటే అటూ ఇటూగా 80 రైడ్లు. అన్నీ రాయాలని చూస్తే చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగలదు. నేను ప్రతి రైడ్‌కీ మూడు అంకెలే రాస్తాను: మిగిలిన టైమ్, స్కోరు, మ్యాట్ మీద మనవాళ్లు ఎంతమంది. ఈ మూడోదాన్ని అందరూ వదిలేస్తారు, నిజానికి కథంతా అందులోనే ఉంటుంది. ఏదైనా రైడ్ కొత్తగా అనిపిస్తే పక్కన రెండు మాటలు. నా నోటుపుస్తకంలో ఒకచోట ఇలా ఉంది: "రెండో సగం. 14 ని. 16–22. మనవాళ్లు 3. వాళ్ల 9 వచ్చాడు. ఎడమ మూల, మన 4, చీలమండ. 18–22."

ఈ ఒక్క రైడ్‌ను విప్పి చూడండి. మ్యాట్ మీద ముగ్గురో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు రైడర్‌ను పట్టుకుంటే ఒక పాయింటు అదనం, సూపర్ టాకిల్ అంటారు కదా, అది. బోనస్ గీత దాటితే వచ్చే పాయింటుకు ఎదుట కనీసం ఆరుగురుండాలి కాబట్టి అతనికి ఆ దారి మూసుకుపోయింది, ఎవరో ఒకర్ని తాకితేనే పాయింటు. ఇద్దర్ని తాకి వెళ్లుంటే 16–24, మనవాడు ఒక్కడు మిగిలేవాడు, వాడూ పోతే ఆలౌట్, దాంతో వాళ్లకు ఇంకో 2 పాయింట్లు. పట్టుకున్నారు కాబట్టి 18–22, బయట కూర్చున్నవాళ్లలో ఒకడు లేచి లోపలికొచ్చాడు, నలుగురయ్యారు. ఆఖరికి 33–31తో గెలిచాం. చివరి రైడ్‌కు ఎగిరి గంతులేసినవాళ్లే అందరూ, నన్నడిగితే మ్యాచ్ ఇంకా 14 నిమిషాలుండగానే, ఆ రైడ్‌లోనే చేతికొచ్చింది.

ఇక రాయడం. "ఓటమి అంచున ఉన్న మన జట్టు అద్భుతంగా పుంజుకుంది" అని రాస్తే చదివేవాడికి ఏమీ కనబడదు. నేనైతే ఇలా మొదలుపెడతాను:

"14 నిమిషాలుంది, ఆరు పాయింట్లు వెనకబడ్డాం, మ్యాట్ మీద ముగ్గురే. వాళ్ల తొమ్మిదో నంబరు కుడివైపు రెండుసార్లు ఊగి, ఉన్నట్టుండి ఎడమ మూలకు కాలు చాపాడు. మన నాలుగో నంబరు దానికోసమే కాచుక్కూర్చున్నట్టు చీలమండ పట్టి వదల్లేదు. గ్యాలరీలో సగం మంది 'హిడి హిడి', మిగతా సగం 'పట్టు పట్టు'."

'హిడి' అంటే కన్నడంలో పట్టు అనే. ఆ చివరి వాక్యం గొప్పదేం కాదు గానీ బెంగళూరులో జరిగే మ్యాచ్‌లోనే వస్తుంది, అందుకే ఉంచాను. ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు, గమనించారా?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక మ్యాచ్‌లో ఎదుటి రైడర్ మనవాడి మీద చెయ్యి కూడా వెయ్యలేదు, రిఫరీ మాత్రం వాళ్లకు పాయింటు ఇచ్చేశాడు. నేను కోపం పట్టలేక అన్యాయం, పక్షపాతం అంటూ పేజీన్నర రాసిపడేశాను. మర్నాడు మన జట్టు కుర్రాడే వచ్చి, "అన్నా, తాకకముందే నేను లాబీలో కాలేశాను, నేను అవుటే" అన్నాడు. లాబీ అంటే కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీ. పట్టు మొదలవకముందు లాబీ ఆటలో లెక్క కాదు, అందులో అడుగేసినవాడు అవుట్. రూల్ నాకు తెలియక రిఫరీని తిట్టాను. అప్పట్నుంచి అర్థంకాని పాయింటు వస్తే పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుని, మ్యాచ్ అయ్యాక స్కోరర్ బల్ల దగ్గరికెళ్లి అడుగుతాను. అడిగితే చెప్తారు, కసురుకోరు, కాస్త ఖాళీ అయ్యాక వెళ్లాలంతే.

ఆటగాళ్లతో మాట్లాడటం గురించి క్లుప్తంగా. "గెలిచాక ఎలా అనిపించింది" అని అడిగితే "చాలా హ్యాపీ" అనే అంటారు, పాపం ఇంకేమంటారు. "ముగ్గురే మిగిలినప్పుడు మీలో మీరు ఏం సైగ చేసుకున్నారు?" అని అడగండి, అప్పుడు కూర్చుని చేతులతో చూపిస్తూ చెప్తారు. జవాబు కన్నడంలో వస్తే అర్థమైనట్టు తలూపకండి, కన్నడం బాగా వచ్చిన స్నేహితుణ్ణి పక్కన పెట్టుకోండి. ఓడిన రోజు రాసేటప్పుడు తప్పు జరిగిన రైడ్‌ను రాయండి, తప్పుచేసిన కుర్రాడి గుణగణాలు మాత్రం వద్దు. వాడికి పంతొమ్మిదేళ్లు, సోమవారం ఇంటర్నల్స్ కూడా ఉంటాయి.

వచ్చే పాఠానికి వాలీబాల్ చూసి రండి. సెట్టు 25కి, ఐదో సెట్టు దాకా వెళ్తే అది 15కే, కాబట్టి ఐదో సెట్టులో వరసగా మూడు పాయింట్లు పోతే తేరుకునే టైమే ఉండదు. ఈసారి అంకెలు రెండు చాలు: స్కోరు, సర్వ్ ఎవరిది. ఎవరి సర్వ్ మీద వరసగా ఎక్కువ పాయింట్లు వచ్చాయో వెతికి, ఆ ఒక్క వరస గురించే ఎనిమిది వాక్యాలు రాయండి. సింహాలకు ఈ వారం సెలవు. పెన్నులు మాత్రం రెండు పట్టుకెళ్లండి, పోయిన మ్యాచ్‌లో నాది రెండో సగంలో ఆగిపోయి, పక్కన కూర్చున్న తాతగారి ఎర్ర పెన్నుతో లాగించాను, ఆయన ప్రతి రైడ్‌కీ ఒకసారి నా చేతివైపు చూస్తూనే ఉన్నారు.