అమెరికా సైనిక స్థావరాల్లో నిరుపయోగంగా ఉన్న ఆస్తుల లీజుకు దరఖాస్తు విధానం

అమెరికా సైనిక స్థావరాల్లో ఖాళీగా పడివున్న స్థలాలను, గిడ్డంగులను, పాత బ్యారక్‌లను ప్రైవేటు సంస్థలకు లీజుకిచ్చే అధికారాన్ని ఆ దేశ చట్టాల సంహితలోని 10వ టైటిల్, 2667వ సెక్షన్ ఆయా సైనిక విభాగాల కార్యదర్శులకు ఇస్తోంది. అయితే ప్రస్తుతానికి అవసరం లేకపోయినా సైన్యం తన యాజమాన్యంలోనే ఉంచుకోదలచిన ఆస్తికే ఈ సెక్షన్ వర్తిస్తుంది తప్ప, మిగులుగా ప్రకటించిన ఆస్తికి కాదు. కాబట్టి తాము కోరే ఆస్తి ఏ కోవలోకి వస్తుందో దరఖాస్తుదారులు ముందే తేల్చుకోవాలి. 1988 నుంచి 2005 వరకు అయిదు విడతల్లో మూసివేతకు ఎంపికైన స్థావరాల విషయంలో, ఆ స్థలాల తదుపరి వినియోగాన్ని ప్రణాళిక చేసే స్థానిక పునరభివృద్ధి సంస్థను సంప్రదించడం సరైన మార్గం.

లీజు ప్రకటనలు సాధారణంగా అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు ప్రకటనల వెబ్‌సైటైన సామ్ డాట్ గవ్ (SAM.gov) పోర్టల్‌లో వెలువడతాయి. అందులో సంస్థ పేరు నమోదు చేసుకోవడానికి రుసుము లేదు. ప్రకటనకు స్పందనగా సమర్పించే ప్రతిపాదనే దరఖాస్తు. అందులో సంస్థ అనుభవం, పెట్టుబడి వనరులు, నిర్మాణ ప్రణాళిక, సైన్యానికి చెల్లించబోయే ప్రతిఫలం స్పష్టంగా ఉండాలి.

ప్రతిఫలం మార్కెట్ విలువకు తగ్గకూడదు, కానీ అదంతా నగదు రూపంలోనే ఉండనక్కరలేదు. రోడ్ల మరమ్మతు, భవనాల నిర్వహణ, కొత్త నిర్మాణం వంటి పనుల రూపంలోనూ చెల్లించవచ్చు. యూటాలోని హిల్ వైమానిక స్థావరంలో చేపట్టిన ఫాల్కన్ హిల్ ప్రాజెక్టు ఈ తరహా లీజుకు తెలిసిన ఉదాహరణే. స్థావరానికి నిజంగా ఏ పని అవసరమో స్థల సందర్శన రోజున అడిగి తెలుసుకున్నవారి ప్రతిపాదనకు బలం ఎక్కువ.

ఎంపికైన సంస్థతో చర్చలు మొదలయ్యాక పర్యావరణ పరిశీలన జరుగుతుంది. పాత బ్యారక్‌ల పైపులకు చుట్టిన ఆస్బెస్టాస్, గోడలపై సీసం కలిసిన రంగు, భూమిలోకి ఇంకిన ఇంధనం వంటివన్నీ లీజుకు ముందే నివేదికలో నమోదు కావాలి. లేకపోతే పాత కాలుష్యం ఎవరిదన్న వివాదం తర్వాత తలెత్తుతుంది.

ఒప్పందంలో ఓపికగా చదవవలసిన షరతు రద్దుకు సంబంధించినది. ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప, లీజును ఎప్పుడైనా రద్దుచేసే హక్కు కార్యదర్శికి ఉంటుంది. ఆ హక్కు ఉన్నంతకాలం దీర్ఘకాలిక రుణమివ్వడానికి బ్యాంకులు వెనుకాడతాయి గనుక, మినహాయింపు కోరదలచినవారు ఆ సంగతిని చర్చల ఆరంభంలోనే లిఖితపూర్వకంగా తెలియజేయాలి. లీజుదారు హక్కుపై రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు పన్ను విధించవచ్చు. ఆ భారాన్ని కూడా ప్రతిపాదనలోని ఆర్థిక అంచనాలో చేర్చాలి.