గురుడి చంద్రులు నాకు ఎందుకు కనపడలేదంటే

70 ఎంఎం టెలిస్కోపు కొని మూడు రాత్రులు మేడ మీద మెడ నొప్పి పుట్టేదాకా చూసినా గురుడు మసక ముద్దలాగే కనిపించాడు, చంద్రుల జాడే లేదు. తప్పు నాదే. 10 ఎంఎం ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే లెన్స్) 3ఎక్స్ బార్లో (బొమ్మను ఇంకో మూడు రెట్లు పెంచే అదనపు లెన్స్) తగిలించి 210 రెట్లకు పెంచాను, ఈ సైజు లెన్స్‌కి 140 దాటితే దండగ. పైగా ఫైండర్ (గురి చూసుకునే చిన్న గొట్టం) ఒకవైపు, ట్యూబు ఇంకోవైపు చూస్తున్నాయి. పగలు దూరంగా ఉన్న సెల్ టవర్ కొన మీద రెండూ కలిసేలా మరలు తిప్పి, రాత్రి బార్లో పీకేసి 25 ఎంఎం పెట్టాను.

28 రెట్లకే చిన్న గుండ్రటి బిళ్ల, పక్కన ఒకే గీతలో మూడు చుక్కలు! పెద్ద చంద్రులు నాలుగు కదా, నాలుగోది ఏదని టెన్షన్ పడి యాప్‌లో చూస్తే అయో అనే ఆ చంద్రుడు అప్పుడు గురుడి ముందు నుంచి వెళ్తున్నాడు. మూడు గంటలాగి మళ్లీ చూశాను, అంచు పక్కన సూదిమొనంత మెరుస్తున్నాడు.